యంత్రం చేత జోల పాడించిన రేమండ్ స్కాట్

మన సంఘం ప్రత్యేక సంచికకు ఒక ప్రముఖుని జీవితం రాసి ఇవ్వమని కార్యదర్శిగారు కోరారు. దేశనాయకుల గురించి, కవుల గురించి రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. నేను సర్వీసంతా టైపు మిషను ముందు కూర్చున్న గుమాస్తాను. అందుచేత యంత్రాలతోనే జీవితం గడిపిన ఒక సంగీతజ్ఞుని గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

ఈయన పేరు నాకు తెలిసింది మా మనుమరాలి వల్ల. నెలల పిల్లగా ఉన్నప్పుడు ఎంత ఊపినా నిద్రపోయేది కాదు. మా అమ్మాయి ఫోనులో ఒక సంగీతం పెట్టేది. దానికి మాటలు లేవు. రెండు మూడు స్వరాలు గుండ్రంగా తిరుగుతూ, తెలిసీ తెలియకుండా మారుతూ చాలాసేపు సాగేది. పాపతోపాటు నేనూ కునికేవాణ్ణి. ఎవరు చేశారని ఆరా తీస్తే, అరవై ఏళ్ల క్రితం రేమండ్ స్కాట్ అనే అమెరికన్ తన చేతులతో కట్టుకున్న విద్యుత్ పరికరాల మీద తయారుచేసినదని తెలిసింది.

స్కాట్ అసలు పేరు హ్యారీ వార్నో. 1908 సెప్టెంబరు 10న న్యూయార్కులోని బ్రూక్లిన్‌లో, రష్యా నుండి వలస వచ్చిన యూదు కుటుంబంలో పుట్టాడు. తండ్రికి సంగీతపు దుకాణం ఉండేది. కుర్రవాడికి ఇంజనీరింగు చదవాలని కోరిక. వయొలిన్ విద్వాంసుడైన అన్న మార్క్ మాత్రం తమ్ముడికి పియానో కొనిపెట్టి సంగీత కళాశాలకు పంపాడు. 1931లో చదువు ముగించి, అన్నగారు వాద్యబృందం నడిపే సి.బి.ఎస్. రేడియోలోనే పియానో వాద్యకారుడుగా చేరాడు. అన్న సిఫార్సుతో పైకి వచ్చాడన్న మాట పడకూడదని టెలిఫోను డైరెక్టరీ తిరగేసి రేమండ్ స్కాట్ అనే పేరు ఎంచుకున్నాడని చెబుతారు. ఆఫీసుల్లో పనిచేసిన మనకు ఆ జాగ్రత్త ఎందుకో ఎవరూ వివరించనక్కరలేదు.

1930ల చివర ఆరుగురితో ఒక చిన్న బృందం కట్టి ఎంతో పేరు సంపాదించాడు. 1937లో చేసిన పవర్‌హౌస్ అనే వాద్యగీతం ఇప్పటికీ నిలిచి ఉంది. 1943లో తన స్వరరచనల హక్కులు వార్నర్ బ్రదర్స్‌కు అమ్మగా, అక్కడి కార్ల్ స్టాలింగ్ వాటిని వందకు పైగా కార్టూను చిత్రాలలో వాడుకున్నాడు. మన పిల్లలు, మనుమలు టీ.వీ.లో బగ్స్ బన్నీ చూసి నవ్వినప్పుడు వెనుక వినిపించిన సంగీతంలో కొంత ఈయనదే.

కాని వాద్యకారులతో ఆయనకు పొసిగేది కాదు. బాణీని నోటితో చెప్పి, వందసార్లు సాధన చేయించి, ఆపైన ఒక్క స్వరం మార్చినా ఒప్పుకునేవాడు కాదు. మనిషి అలసిపోతాడు, తప్పు చేస్తాడు. యంత్రం చేయదు కదా అన్న ఆలోచన అక్కడే మొదలైంది. 1946లో మన్‌హాటన్ రీసెర్చ్ అనే సంస్థ పెట్టాడు. 1949లో అన్న చనిపోగా, ఆయన నడిపే యువర్ హిట్ పరేడ్ కార్యక్రమం బాధ్యత తమ్ముడి మీద పడింది. అక్కడ వచ్చిన జీతం చాలావరకు ఇంట్లోని వైర్లకు, రిలేలకు, టేపు రికార్డర్లకే పోసేవాడు.

ఆయన పరికరాలలో ఒకటి చెబుతాను. కొన్ని బల్బులను వలయంగా అమర్చాడు. మధ్య నుండి ఒక చేయి గడియారం ముల్లులా తిరుగుతుంది. దాని చివర వెలుతురును పసిగట్టే కన్ను ఉంటుంది. ఏ బల్బు ఎంత వెలుగుతుందో ఆ స్వరం అంత హెచ్చుతుంది లేదా తగ్గుతుంది. చేయి తిరిగినంతసేపూ బాణీ తిరుగుతుంది. ఒక బల్బు వెలుగు కాస్త తగ్గిస్తే బాణీ కాస్త మారుతుంది. సింథసైజర్లలో సీక్వెన్సర్ అనేదానికి ఇది తొలి రూపాలలో ఒకటి.

1960ల తొలి సగంలో పసిపిల్లల కోసం మూడు రికార్డులు విడుదల చేశాడు. గెసెల్ శిశువికాస సంస్థ సహకారంతో ఒకటి నుండి ఆరు నెలలకు ఒకటి, ఆరు నుండి పన్నెండుకు ఒకటి, పన్నెండు నుండి పద్దెనిమిదికి ఒకటి అని విభజించాడు. మొదటి రికార్డులోని లాలిపాట సుమారు 14 నిమిషాలు. రెండవ దానిలో బొమ్మ టైపు మిషను పేరుతో ఒకటి ఉందని తెలిసి నాకు ముచ్చటేసింది. రికార్డులు అమ్ముడుపోలేదు. నెమ్మదిగా పరుచుకునే ఇటువంటి సంగీతానికి బ్రియన్ ఈనో 1978లో ఆంబియెంట్ అని పేరు పెట్టి విమానాశ్రయాల కోసం రికార్డు చేసే నాటికి స్కాట్ రికార్డులు ఎవరికీ గుర్తులేవు.

1950లలో ఒక కుర్రవాడు తండ్రితో కలిసి స్కాట్ ఇంటికి వచ్చి ఆ నేలమాళిగ చూసి నిర్ఘాంతపోయాడు. ఆయనే రాబర్ట్ మోగ్. తరువాత తన పేరిట సింథసైజర్ చేసి లోకానికి అమ్మాడు. స్కాట్ మాత్రం తన కిటుకులు బయటపెట్టలేదు. తానే బాణీలు సూచించే ఎలక్ట్రానియం అనే పెద్ద యంత్రం మీద 1959 నుండి ఏళ్ల తరబడి పనిచేశాడు. మోటౌన్ కంపెనీ అధిపతి బెర్రీ గోర్డీ దానిని పదివేల డాలర్లకు కొని, 1971లో ఆయనకు ఉద్యోగం కూడా ఇచ్చాడు. 1977 వరకు అక్కడ ఉన్నా, దాన్ని విప్పుతూ బిగిస్తూనే గడిపాడు తప్ప పూర్తయిందని ఏనాడూ అనుకోలేదు.

1987లో పక్షవాతం వచ్చి మాట్లాడే శక్తి, పనిచేసే శక్తి రెండూ పోయాయి. 1992లో పాత పాటలు మళ్లీ వెలువడి, జనం ఆయనను వెతుక్కుంటూ వచ్చే వేళకు చెప్పడానికి నోరు లేదు. 1994 ఫిబ్రవరి 8న కన్నుమూశాడు. పిల్లల రికార్డులు 1997లో మళ్లీ వచ్చాయి. ఎలక్ట్రానియంను తరువాత ఒక సంగీతకారుడు కొన్నప్పుడు అది పలకని స్థితిలో ఉంది. ఎలా పలికించాలో చెప్పవలసిన మనిషి లేడు.

ఇది చదివినప్పుడు నాకు నా సంగతే గుర్తొచ్చింది. పదవీ విరమణ రోజున ఛార్జి లిస్టు మీద సంతకం పెట్టాను గాని, పాత రిజిష్టర్లలో ఏది ఎక్కడ దొరుకుతుందో ఆ కిటుకులు రాసి ఇవ్వలేదు. నేను లేకపోతే పని జరగదన్న గర్వం. ఆరు నెలలకు నా స్థానంలోని కుర్రవాడు మా ఇంటికి వచ్చాడు. ఒక పెన్షనరు భార్యకు రావలసిన బకాయి, సర్వీసు వివరం దొరకక ఆగిపోయిందట. వెళ్లి అరగంటలో తీసి ఇచ్చాను. ఆ ఆరు నెలలు ఆవిడ ఎలా గడిపిందో తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

మిత్రులారా, మనకు తెలిసినది వంటింటి చిట్కా కావచ్చు, పెన్షను లెక్క కావచ్చు, పొలం గట్టు సంగతి కావచ్చు. నోరు ఆడుతున్నప్పుడే పిల్లలకు చెప్పి, వీలైతే కాగితం మీద పెడదాం. స్కాట్ గారి యంత్రం మూగబోయినా, రికార్డు మీదికి ఎక్కించి లోకానికి ఇచ్చిన జోల మిగిలింది. మా పాప నిద్రపోయింది దానితోనే.