ఒంట్లో జబ్బు, పక్కన దేవుడు: కాటన్ దొర కథ

ఈ వారం వీడియోలో గంగావతరణం కథ చెప్పుకున్నాం కదా. చివర్లో, గోదావరి జిల్లాల్లో ఒక ఇంగ్లీషు దొరని భగీరథుడితో పోలుస్తారని, అక్కడ కొంతమంది పురోహితులు నదీస్నాన సంకల్పంలో ఆయన పేరు కూడా తలుచుకుంటారని ఒక్క ముక్క చెప్పి వదిలేశాను. టైం సరిపోలేదు. ఆ దొరే సర్ ఆర్థర్ కాటన్. ఆయన కట్టిన ఆనకట్ట గురించి మీలో చాలామంది స్కూల్లోనే చదివుంటారు. ఆయన ఒంటి గురించి, ఆ ఒంటిని ఏ నమ్మకంతో మోశాడో దాని గురించి పెద్దగా ఎవరూ మాట్లాడరు. ఈ పోస్టు దాని కోసమే.

1803 మే 15న ఇంగ్లండులో పుట్టాడు. ఇంట్లో పదకొండు మంది పిల్లలు. 15 ఏళ్ళకే ఈస్టిండియా కంపెనీ వాళ్ళ మిలిటరీ కాలేజీలో చేరాడు. 1821లో మద్రాసుకి వచ్చేసరికి 18 ఏళ్ళు, అంటే మనం ఎంసెట్ కౌన్సెలింగ్ కోసం తిరిగే వయసు. తర్వాత బర్మా యుద్ధానికి వెళ్ళొచ్చాడు. అక్కడి నుంచి జీవితమంతా నీళ్ళే.

ముందు కావేరి. అక్కడ చోళుల కాలం నాటి కల్లణై ఆయనకి గురువు అయింది. కింద రాయి తగలని ఇసుకలో కట్టడం ఎలా నిలబడుతుందో ఆ పాత కట్టని చూసే నేర్చుకున్నాడు, ఆ మాట దాచుకోకుండా ఒప్పుకున్నాడు కూడా. 1836లో కొల్లిడం మీద ఆనకట్టలు మొదలుపెట్టాడు. పని ముగిసేసరికి ఒళ్ళు దెబ్బతింది. సెలవు పెట్టి టాస్మేనియాకి వెళ్ళాల్సి వచ్చింది. జబ్బు తీసుకెళ్ళిన చోటే 1841లో ఎలిజబెత్ లియర్మంత్‌తో పెళ్ళయింది, మరుసటి ఏడాది కూతురు పుట్టింది. కోలుకుని మళ్ళీ మన తీరానికే వచ్చాడు.

అప్పటికి గోదావరి జిల్లా కరువుతో చితికిపోయి ఉంది. నది నిండా నీళ్ళు, ఒడ్డున ఆకలి చావులు. 1844లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టాలని రిపోర్టు రాశాడు, 1847లో పని మొదలైంది. నది అక్కడ లంకల మధ్య నాలుగు పాయలుగా చీలి ఉంటుంది. దగ్గరి కొండ నుంచి రాళ్ళు పట్టాల మీద తోలించి, ఎండలో వానలో కూలీలతోపాటు నిలబడ్డాడు. ఏడాది తిరిగేసరికి 1848లో మళ్ళీ పడిపోయాడు. కెప్టెన్ ఓర్ అనే ఆయనకి పని అప్పగించి ఆస్ట్రేలియా ఓడెక్కాడు.

నాకు ఇక్కడ కాసేపు ఆగాలనిపిస్తుంది. 45 ఏళ్ళ మనిషి. జీవితంలో అన్నిటికన్నా పెద్ద పని సగం నీళ్ళలో ఉంది. వరద వస్తే ఏమవుతుందో తెలియదు. ఒళ్ళేమో సహకరించదు.

నా సంగతి రెండు ముక్కలు చెప్తాను, ఎందుకు ఆగానో అర్థమవుతుంది. మాది నంద్యాల దగ్గర పల్లె, ఉద్యోగం బెంగళూరులో. 24 ఏళ్ళప్పుడు పొద్దున లేస్తే నడుము వంగేది కాదు. ఆరు నెలలు తిరిగాక యాంకిలోసింగ్ స్పాండిలైటిస్ అని తేలింది. వెన్నుని బిగదీసే వాతం. పూర్తిగా పోదు, మందులతో అదుపులో పెట్టుకోవాలి. ఇంట్లో అందరికీ నా మీద ప్రేమే, కానీ ఆ ప్రేమ ఒక్కొక్కరి నోట్లోంచి ఒక్కో రకంగా వచ్చింది. చిన్నాయన శనికి తైలాభిషేకం చేయించమన్నాడు. మా అవ్వ, పోయిన జన్మలో ఏం చేసుకున్యావో నాయనా, అని తల నిమిరింది. ఆమె చెయ్యి హాయిగా ఉంది, ఆ మాట మాత్రం రాత్రుళ్ళు నిద్రపోనివ్వలేదు. నొప్పి ఒక బరువు, దానికి నేనే కారణం అనేది ఇంకో బరువు.

కాటన్ దొరకి ఆ రెండో బరువు లేదని నా అంచనా. ఆయన గట్టి క్రైస్తవుడు, పేరుకి మాత్రమే కాదు. ఆయన పోయిన మరుసటి ఏడాది, 1900లో, కూతురు లేడీ హోప్ రాసిన జీవిత చరిత్రలో కనిపించేది బైబిలు, ప్రార్థన రోజువారీ బతుకులో భాగమైన మనిషి. మిషనరీలకి అండగా కూడా నిలిచాడు. ఈ మాట దాటేసి ఆయన్ని మన ఋషిలా చూపించడం నాకు నచ్చదు. ఆయన్ని నిలబెట్టిన నమ్మకం ఏదో దాన్నే చెప్పాలి.

ఆ నమ్మకంలో నాకు తోచిన గట్టి విషయం ఒకటుంది. క్రైస్తవుల దేవుడు ఒంటికి మేకులు దిగిన దేవుడు. దాహం, గాయం, అందరూ వదిలేసి పోవడం అన్నీ ఆయనకి స్వయంగా తెలుసని వాళ్ళ విశ్వాసం. అందుకే మంచం పట్టిన భక్తుడు దేవుడు నన్ను శిక్షిస్తున్నాడు అనుకోనక్కర్లేదు, పక్కనే కూర్చున్నాడు అనుకోవచ్చు. జబ్బు తగ్గుతుందన్న హామీ కాదది, తోడు ఉందన్న ధైర్యం.

మనకిది పరాయి ఆలోచన అనుకోకండి. భాగవతంలో కుంతి, కష్టాలు తీర్చమని కాకుండా, కష్టాలు ఉంటేనే నీ దర్శనం దొరుకుతుంది కాబట్టి అవి ఉండనీ అని కృష్ణుణ్ణి అడుగుతుంది. వాతంతో అల్లాడిన మేల్పత్తూరు భట్టతిరి గురువాయూరులో కూర్చుని నారాయణీయం రాశాడు. కర్మ అనే ఒక్క మాటే మన దగ్గర ఉందని అనుకుంటాం కానీ, వెతికితే ఇలాంటివీ ఉన్నాయి. నాకు మాత్రం ఆ తలుపు తెరిచింది, తమాషాగా, ఒక ఇంగ్లీషు ఇంజనీరు.

1850లో ఆయన తిరిగొచ్చాడు. 1852లో ఆనకట్ట పూర్తయింది. డెల్టా పచ్చబడింది. 1861లో సర్ బిరుదు ఇచ్చారు. ఇక్కడితో ఆపితే సినిమాలా ఉంటుంది. కానీ నేను సీమవాణ్ణి, మా కాలవ సంగతి చెప్పకుండా ఆపలేను.

తుంగభద్ర నీళ్ళని కర్నూలు మీదుగా కడప దాకా తీసుకురావాలన్నది కాటన్ పెద్ద ప్లానులో ఒక ముక్క. మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ అనే ప్రైవేటు సంస్థ 1863లో మొదలుపెట్టి 1870కి సుంకేసుల ఆనకట్టతో సహా పూర్తి చేసింది. సుమారు 300 కిలోమీటర్ల కాలవ, నీళ్ళకీ పడవలకీ కూడా. ఖర్చు అంచనాలు దాటిపోయింది. పైగా మా నల్లరేగడి రైతులు నీళ్ళు పెట్టించుకోవడానికి ముందుకు రాలేదు. వానకి జొన్న పండే నేలకి డబ్బు కట్టి నీళ్ళు ఎందుకు అన్నారు, వాళ్ళ లెక్క వాళ్ళది. లాభం లేక చివరికి 1882లో ప్రభుత్వమే కొనేసింది.

ఈలోపు 1876లో ధాత కరువు వచ్చింది. కర్నూలు, కడప, బళ్ళారి అన్నిటికన్నా ఘోరంగా దెబ్బతిన్న జిల్లాల్లో ఉన్నాయి. వద్దన్న నీళ్ళ కోసమే అప్పుడు రైతులు ఎగబడ్డారు. అయినా 1878లో లండన్‌లో పార్లమెంటు కమిటీ ముందు ఆ 75 ఏళ్ళ ముసలాయన్ని కూర్చోబెట్టి, రైళ్ళు వదిలి కాలవలు అంటావేంటి, కర్నూలు కాలవ నష్టం సంగతేంటి అని కడిగేశారు. ఆయన వెనక్కి తగ్గలేదు. ఒంటి జబ్బు కన్నా ఇది ఎక్కువ బాధ పెట్టి ఉంటుందని నేననుకుంటాను. జబ్బుకి సెలవు దొరుకుతుంది, దీనికి దొరకదు.

జబ్బు మనిషి, ఎంతోకాలం ఉండడు అనుకోవాల్సిన ఆయన 96 ఏళ్ళు బతికాడు. రిటైరయ్యాక అరబిక్ మీద పడి 1876లో ఒక వాచకం కూడా అచ్చేయించాడు. ఆఖరి రోజులు డోర్కింగ్ అనే ఊళ్ళో గడిచాయి. అక్కడ నేలని లోతుగా తవ్వితే గోధుమ ఎంత ఎక్కువ పండుతుందో చూడాలని ప్రయోగాలు చేశాడు. 1899 జులై 24న పోయాడు.

ధవళేశ్వరంలో ఆయన పేరున మ్యూజియం ఉంది, మే 15న విగ్రహాలకి దండలు వేస్తారు. 1982లో పాత ఆనకట్ట స్థానంలో వచ్చిన బ్యారేజీకీ ఆయన పేరే. మా కాలవకి మాత్రం ఆయన పేరు లేదు. కేసీ అంటే కర్నూలు, కడప, అంతే. చిన్నప్పుడు మా తమ్ముడు ఆ సీ అంటే కాటన్ అనుకునేవాడు, మేమెవరం సరిచేయలేదు. నీళ్ళు వదిలినప్పుడు ఇప్పటికీ దాని కింద 2.65 లక్షల ఎకరాల ఆయకట్టు ఉంది, అందులో మా రెండెకరాలు కూడా.

వచ్చే వారం ఒంటిమిట్ట కోదండరాముడి వీడియోతో కలుద్దాం.