చెట్టును చూస్తూ నిలబడిపోయిన పిల్లాడు

మీ ఇంట్లో హోంవర్క్ మధ్యలో వదిలేసి, కిటికీలోంచి కాకులను చూస్తూ కూర్చునే పిల్లాడు ఉన్నాడా? కసిరే ముందు ఒక్క నిమిషం ఆగండి. అలాంటి పిల్లాడి కథే ఇది.

అతడు 1895 మే నెలలో మదనపల్లెలో పుట్టాడు. ఎనిమిదో సంతానం కాబట్టి కృష్ణమూర్తి అని పేరు పెట్టారు. ఇంటిపేరు జిడ్డు. తండ్రి నారాయణయ్య రెవెన్యూ ఉద్యోగి. చిన్నప్పుడే మలేరియా పట్టుకోవడంతో పిల్లాడికి బడి సరిగా సాగలేదు. వెళ్లిన రోజుల్లోనూ పాఠం తలకెక్కేది కాదు. మందమతి అనుకుని మాస్టార్లు కొట్టేవారు. అతడేమో పురుగులనూ మబ్బులనూ చూస్తూ ఉండిపోయేవాడు. పదేళ్ల వయసులో తల్లి సంజీవమ్మ పోయింది.

1909లో ఆ కుటుంబం మద్రాసులోని అడయార్ చేరింది. దివ్యజ్ఞాన సమాజం పెద్దలు సముద్రపు ఒడ్డున ఈ పిల్లాణ్ని చూసి, రాబోయే జగద్గురువు ఇతడేనని నమ్మారు. అనీబిసెంట్ దగ్గరుండి పెంచారు. అతడి కోసం ఒక సంస్థే పుట్టింది. కానీ 1925 నవంబరులో, ప్రాణంలా చూసుకున్న తమ్ముడు నిత్యానంద క్షయతో కన్నుమూశాడు. తమ్ముడికేమీ కాదన్న పెద్దల హామీ వమ్మయింది. ఆ దుఃఖం నుంచి కృష్ణమూర్తి వేరే మనిషిగా లేచాడు. 1929 ఆగస్టు 3న హాలండ్‌లోని ఓమెన్‌లో, వేల మంది సభ్యుల ఎదుటే ఆ సంస్థను రద్దు చేశాడు. గురువు పీఠం వద్దన్నాడు.

ఆ తర్వాత దేశదేశాలు తిరిగి ప్రసంగించారు. ఎక్కడున్నా ఆసనాలు, శాకాహారం, సాయంత్రం సుదీర్ఘ నడక తప్పలేదు. 1961లో న్యూయార్క్‌లో మొదలుపెట్టి ఏడు నెలలు రాసుకున్న నోట్‌బుక్‌లో లండన్, పారిస్, రోమ్, బొంబాయి అన్నీ ఉన్నాయి. అంత హడావుడి నగరాల్లోనూ ఆయన కళ్లు చెట్టునో, పిట్టనో, నీటి మీది వెలుగునో పట్టుకునేవి.

మన ‘ధ్యానం’ అన్న మాటే చైనాలో ‘ఛాన్’ అయింది, జపాన్‌లో ‘జెన్’ అయింది. వాకిలి ఊడ్చినా, టీ కాచినా మనసంతా ఆ పనిలోనే ఉంచమంటుంది జెన్. కృష్ణమూర్తి జెన్ సహా ఏ మార్గాన్నీ తనదనలేదు, మంత్రమూ పద్ధతీ ఇవ్వలేదు. అయినా ఆయన చూపు దానికి దగ్గరే. వేపచెట్టు కనబడగానే మనం ‘వేప’ అనుకుని ముందుకెళ్లిపోతాం. పేరు గుర్తుకొచ్చాక చూడటం ఆగిపోతుంది. పేరు పక్కనపెట్టి ఆకునూ కొమ్మనూ చూడమన్నదే ఆయన జీవితమంతా చెప్పిన విషయం. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ బడిలో పిల్లలు సాయంత్రం మౌనంగా కూర్చుని సూర్యాస్తమయం చూసే అలవాటు ఇప్పటికీ ఉంది.

ఇది రోగాలకు మందు మాత్రం కాదు. 1986 జనవరిలో, జబ్బుతో నీరసించిన ఆయన అడయార్ తీరంలో ఆఖరిసారి నడిచి, అమెరికా వెళ్లారు. పాంక్రియాస్ క్యాన్సర్‌తో ఫిబ్రవరి 17న ఓహైలో, 90 ఏళ్ల వయసులో కన్నుమూశారు. కాబట్టి నడకకు బయల్దేరినా బీపీ మాత్ర మానకండి.

ఇందుకు అడవికి వెళ్లనక్కర్లేదు. మీరు ఆర్మూర్‌లో ఉంటే సిద్ధుల గుట్ట ఎదురుగానే ఉంది. నవనాథులు తపస్సు చేశారని ఊరంతా నమ్మే ఆ నల్లరాళ్ల మీద సాయంత్రపు ఎండ ఎలా జారుతుందో ఎప్పుడైనా చూశారా? పసుపు సీజన్‌లో ఉడకబెట్టిన కొమ్ములు కల్లాల్లో ఆరుతుంటాయి. క్వింటాలు ధర ఎంత పలికిందన్న బెంగ ఉండనే ఉంటుంది. దాన్ని తోసేయకండి, అది కూడా వచ్చిందని గమనించండి. పది నిమిషాలు ఫోన్ ఇంట్లో పెట్టి నడవండి. ఆరే పసుపు వాసన, కాలి కింద మట్టి, మీ ఊపిరి... ఒక్కొక్కటే గమనించండి. మనసు ధర దగ్గరికి పరుగెత్తితే, మళ్లీ అడుగు దగ్గరికి రండి.

వెళ్లేటప్పుడు ఆ కిటికీ దగ్గరి పిల్లాణ్ని కూడా తీసుకెళ్లండి. హోంవర్క్ వచ్చాక చేస్తాడు. దారిలో ఏం కనిపిస్తోందో వాణ్నే అడగండి.