రంగులు చెప్పేది, పేర్లు చెప్పేది: జేమ్స్ రెన్నెల్ పటాలు

భారత ఉపఖండపు పాత పటాలను పరిశీలించేవారికి జేమ్స్ రెన్నెల్ పేరు తప్పక ఎదురవుతుంది. 1742లో ఇంగ్లండులోని డెవన్ ప్రాంతంలో జన్మించిన ఆయన చిన్నవయసులోనే నౌకాదళంలో చేరి, అనంతరం ఈస్టిండియా కంపెనీ కొలువుకు వచ్చారు. 1764లో గంగానదీ మార్గాలను కొలిచే బాధ్యత ఆయనకు అప్పగించారు. అప్పటికి ఆయనకు ఇరవై రెండేళ్లు నిండలేదు. 1766లో కూచ్ బెహార్ సరిహద్దుల్లో సన్యాసుల దళంతో జరిగిన ఘర్షణలో తీవ్రంగా గాయపడ్డారు. ఆయన కుడిచేయి మళ్లీ పూర్తిగా స్వాధీనంలోకి రాలేదు. కొలత గొలుసు వెంట సిపాయిలు నడవవలసిన కాలమది. మరుసటి ఏడాది ఆయన బెంగాల్ సర్వేయర్ జనరల్ అయ్యారు.

1777లో ఉద్యోగం విరమించి లండన్ చేరిన రెన్నెల్, 1779లో బెంగాల్ అట్లాసును, 1782లో హిందుస్థాన్ పటాన్ని ప్రచురించారు. పటానికి వివరణగా మరుసటి ఏడాది ఒక గ్రంథాన్ని వెలువరించారు. ఆ వివరణ లేనిదే పటం సరిగా అర్థం కాదు. పటంలోని సుబాల విభజన అక్బరు నాటిది, ప్రధానంగా ఐనీ అక్బరీ ఆధారంగా చేసినది. ప్రజల మనసుల్లో నాటుకున్న హద్దులు అవేనని ఆయన భావించారు. రంగులు మాత్రం సమకాలపు ఏలికలవి. కంపెనీ భూములకు ఎరుపు, దాని మిత్రరాజ్యాలకు మరో రంగు. ఒకే కాగితంపై రెండు కాలాలున్నాయన్న మాట. పేర్లను మాత్రమే చూస్తే మొగలు సామ్రాజ్యం చెక్కుచెదరలేదనిపిస్తుంది. రంగులను మాత్రమే నమ్మితే, 1765లో చక్రవర్తి నుంచి దివానీగా పొందిన బెంగాల్ కూడా కంపెనీ సొంత రాజ్యమే అనిపిస్తుంది.

తెలుగునేలపై ఈ చిక్కు మరీ స్పష్టం. 1768 నాటి ఒడంబడిక ఉత్తర సర్కారులపై కంపెనీ హక్కును ధ్రువపరచినా, గుంటూరు సర్కారును బసాలత్ జంగ్ జీవితకాలం అనుభవించవచ్చని అంగీకరించింది. ఆయన 1782లో మరణించినా, ఆ సర్కారు కంపెనీ చేతికి వచ్చింది 1788లోనే. కాగితంపై హక్కు ఒకరిది, నేలపై అధికారం మరొకరిది. అటువంటి సీమకు ఏ రంగు వేసినా సగం నిజమే. కనుక పటం అచ్చయిన సంవత్సరాన్ని చూడనిదే రంగుల సూచికకు అర్థం చెప్పుకోలేము.

1782 పటం అలంకరణ చిత్రంలో పండితులు తమ శాస్త్రగ్రంథాలను బ్రిటానియాకు సమర్పిస్తూ కనిపిస్తారు. అదీ ఒక సూచికే, రంగులకన్నా బాహాటమైనది. 1792లో శ్రీరంగపట్టణం సంధితో టిప్పు సుల్తాన్ రాజ్యంలో సగం చేతులు మారింది. అందులో కడప సీమ నిజాముకు దక్కి, 1800లో కంపెనీ వశమైంది.

రెన్నెల్‌కు 1791లో రాయల్ సొసైటీ కోప్లీ పతకాన్ని ప్రదానం చేసింది. 1830లో ఆయన కన్నుమూశారు. వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో ఆయన సమాధి ఉంది.