జాన్ కెంప్ స్టార్లీ

రెండు సమమైన చక్రములు, నడుమ సీటు, దాని క్రింద పెడళ్ళు, వెనుక చక్రమును త్రిప్పు గొలుసు - సైకిలునందలి ఈ యమరిక మనకు మిగుల సహజముగ దోచును. కాని యిది కుదురుటకు పూర్వము సైకిలెక్కుట యొక సాహసకృత్యము. ఆ సాహసమును సర్వజన సులభమొనర్చినవాడు జాన్ కెంప్ స్టార్లీ.

అతడు 1855వ సంవత్సరమున ఇంగ్లండులోని వాల్తమ్‌స్టోలో జన్మించెను. తండ్రి తోటమాలి. 1872లో స్టార్లీ కవెంట్రీ నగరమునకు బోయి, తండ్రి సోదరుడును, సైకిళ్ళ నిర్మాణమున పేరెన్నిక గన్నవాడునగు జేమ్స్ స్టార్లీ యొద్ద పని నేర్చుకొనెను.

ఆనాటి సైకిలునకు ముందుచక్రము మిక్కిలి పెద్దది. వెనుకది మిక్కిలి చిన్నది. పెడళ్ళు ముందుచక్రపు టిరుసునకే తగిలించబడి యుండెడివి. పెడలు ఒకమారు తిరిగిన చక్రమును ఒకమారే తిరుగును. కావున వేగము కావలెనన్న చక్రము పెద్దదిగ నుండవలెను; కాని కాలు పెడలునకు అందవలెను గదా! అందుచే కొనువాడు తన కాలి పొడవునుబట్టి చక్రము నెన్నుకొనవలసి వచ్చెడిది. అంత ఎత్తున గూర్చున్నవాడు, దారిలో రాయి తగిలినచో తలక్రిందుగ ముందునకు బడెడివాడు. అట్లు పడి అవయవములు విరిగినవారును, ప్రాణములు గోల్పోయినవారును గలరు. పొట్టివారికిని వృద్ధులకును ఆ బండి అందని మ్రానిపండయ్యెను.

స్టార్లీ ఈ చిక్కును గూర్చి ఆలోచించెను. బండికి మనిషి లోబడుట గాక, మనిషికి బండి లోబడవలెనని అతడు నిశ్చయించుకొనెను. విలియం సట్టన్ అను నాతనితో గలిసి కర్మాగారమును నెలకొల్పి, 1885లో రోవర్ అను సైకిలును లోకమునకు జూపెను. గొలుసుతో వెనుకచక్రమును త్రిప్పు యత్నము అంతకు ముందును జరిగినదే. కాని దానిని జనులు మెచ్చునట్లు రూపొందించినవాడు స్టార్లీయే. గొలుసును పండ్లచక్రములును ఉండుటచే చిన్నచక్రముతోనే వేగము లభించెను. ఎక్కినవాని పాదములు నేలకు చేరువయ్యెను.

1898లో అతడు లండనులోని సొసైటీ ఆఫ్ ఆర్ట్స్‌లో తన పద్ధతిని వివరించెను. సీటు పెడళ్ళకు తగిన స్థానమున నుండవలెను. దానిని పైకి క్రిందికిని, ముందునకు వెనుకకును జరుపుటకు వీలుండవలెను. తక్కువ అలసటతో ఎక్కువ బలముగ త్రొక్కుటకు హేండిలు సయితము అనుకూలముగ నమరవలెను. ఇదియే అతని ఆశయము.

చిన్నచక్రములకు కుదుపు హెచ్చుగ నుండెను. 1888లో డన్‌లప్ గాలి టైరునకు పేటెంటు పొందెను. అది వాడుకలోనికి వచ్చిన పిదప ఆ లోపమును తీరెను. స్టార్లీ 1901లో, నలువదియైదేండ్ల ప్రాయముననే మరణించెను. పోలెండు దేశీయులు నేటికిని సైకిలును రోవెర్ అనియే పిలుచుదురు.

నేడు కొన్ని దేశములలో దేహపు కొలతలను బరీక్షించి సైకిలును అమర్చి యిచ్చు నిపుణులు గలరు. సీటు మిక్కిలి క్రిందికున్న మోకాలు అతిగ వంగి నొచ్చును. మిక్కిలి పైకున్న నడుము ఇరుప్రక్కలకు నూగి బాధించును. పెడలు అడుగునకు వచ్చినపుడు మోకాలు కొంచెము వంగియుండుట తగును. బాలురారా! అన్నగారి సైకిలెక్కునపుడు సీటు దించుకొనుటకు ఒక నిమిషము చాలును. ఆ నిమిషమునందు స్టార్లీ జీవితకాలపు శ్రమ యిమిడి యున్నదని మఱవకుడు.