మొదటి సాలార్‌జంగ్

కృష్ణా, తుంగభద్రా నదుల నడుమ రాయచూరు సీమ ఉంది. ఈ నేల కోసం విజయనగర రాజులు, బహమనీ సుల్తానులు ఎన్నో యుద్ధాలు చేశారు. అటువంటి సీమ 1853 మే నెలలో యుద్ధం లేకుండానే చేతులు మారింది. బ్రిటిష్ అధికారుల కింద ఉన్న సైన్యానికి జీతాలు చెల్లించలేక నిజాం నవాబు బీరారు, నల్దుర్గం, రాయచూరు ప్రాంతాలను వారికి అప్పగించాడు.

ఆ నెలలోనే మీర్ తురాబ్ అలీ ఖాన్ నిజాం రాజ్యానికి దివాను అయ్యాడు. ఆయన 1829 జనవరి 21న జన్మించాడు. అప్పటికి ఆయన వయస్సు ఇరవై నాలుగేళ్ళు. ఆయనే మొదటి సాలార్‌జంగ్‌గా ప్రసిద్ధి పొందాడు.

నాడు ఖజానా ఖాళీగా ఉంది. ఎక్కువ సొమ్ము ఇస్తామన్నవారికి తాలూకాలు గుత్తకు పోయేవి. గుత్తేదారుల సిపాయిలు రైతులను పీడించి పన్ను రాబట్టేవారు. అరబ్బు, రొహిల్లా సిపాయిల నాయకులు తమ బాకీల కింద గ్రామాలను పట్టుకొని కూర్చున్నారు. ఊళ్ళో తలారి కావలి కాసేవాడు. కాని సిపాయే దోచుకుంటే రైతు ఎవరితో మొరపెట్టుకోవాలి?

సాలార్‌జంగ్ బాకీలు తీర్చి, తాకట్టు భూములను విడిపించసాగాడు. గుత్త పద్ధతిని క్రమంగా తొలగించి, జీతం పుచ్చుకునే తాలూకాదారులను నియమించాడు. 1857 తిరుగుబాటులో ఆయన బ్రిటిష్ వారి పక్షం వహించాడు. అందువల్ల ఎందరికో విరోధి అయ్యాడు. 1859లో ఆయనపై హత్యాయత్నం జరిగింది. 1860లో రాయచూరు, నల్దుర్గం తిరిగి నిజాం రాజ్యంలో చేరాయి.

కానిస్టేబుల్ అనే మాటకు మూలం లాటిన్ భాషలో ఉంది. గుర్రపుశాల అధికారి అని దాని తొలి అర్థం. ఇంగ్లండులో అది క్రమంగా ఊరి శాంతిని కాపాడే ఉద్యోగి పేరయింది. సాలార్‌జంగ్ పుట్టిన 1829లోనే లండన్ నగరానికి జీతం, యూనిఫారం గల పోలీసు దళం ఏర్పడింది. బ్రిటిష్ ఇండియాలో 1861లో పోలీసు చట్టం వచ్చింది.

నిజాం రాజ్యంలో ఈ మార్పు సాలార్‌జంగ్ తెచ్చాడు. 1865లో జిల్లాబందీ పేరుతో రాజ్యాన్ని జిల్లాలుగా విభజించాడు. పోలీసు పనిని పన్ను వసూలు నుండి వేరు చేశాడు. జిల్లా పోలీసులకు ముహతమీమ్ అనే అధికారిని పెట్టాడు. ఆయన కింద అమీన్లు, జమాదార్లు, జవాన్లు పనిచేసేవారు. జవానుకు జీతం ఖజానా నుండి అందేది. పన్ను అడిగే చేయి, నేరాన్ని విచారించే చేయి వేరువేరు కావడమే ఈ సంస్కరణలోని ముఖ్యాంశం. లంచాలు, దౌర్జన్యాలు ఒక్కసారిగా మాయం కాలేదు. అయినా ఫిర్యాదు చేసుకోవడానికి రైతుకు ఒక ఠాణా, తప్పు చేసిన జవానుపై ఒక అధికారి ఏర్పడ్డారు.

బీరారును కూడా తిరిగి పొందాలని సాలార్‌జంగ్ చివరి వరకు ప్రయత్నించాడు. 1876లో ఇంగ్లండు వెళ్ళినా ఆ కోరిక నెరవేరలేదు. 1883 ఫిబ్రవరి 8న కలరా సోకి మరణించాడు. రాయచూరు 1956లో మైసూరు రాష్ట్రంలో, అంటే నేటి కర్ణాటకలో చేరింది. పాలకులు మారినా, ప్రజలను కాపాడే ఉద్యోగి ప్రజలను పీడించి బతకరాదన్న ఆయన పాలనా సూత్రం నిలిచే ఉంది.