ఇంటి భాషతో మంచు దేశం దాటినవాడు

ధ్రువ ప్రాంతాల పాఠం వచ్చిన ప్రతిసారీ మా పిల్లలకు కలిగే సందేహం ఒకటే, అంత చలిలో మనుషులు ఎలా బతుకుతారని. పాఠ్యపుస్తకంలో ఇగ్లూ బొమ్మ ఉంటుంది గానీ జవాబు ఉండదు. అప్పుడు నేను క్నుద్ రాస్ముసెన్ గురించి చెబుతాను.

ఆయన 1879 జూన్ 7న గ్రీన్‌లాండ్ పడమటి తీరాన ఇలులిస్సాత్‌లో పుట్టాడు. తండ్రి డెన్మార్క్ నుంచి వచ్చిన క్రైస్తవ మతగురువు, గ్రీన్‌లాండ్ భాషకు వ్యాకరణం రాసిన పండితుడు. తల్లిది ఇన్యూట్ రక్తం కలిసిన కుటుంబం. క్నుద్ ఆటలన్నీ ఇన్యూట్ పిల్లలతోనే, వాళ్ల భాషలోనే. కుక్కల బండి తోలడం చిన్ననాడే వచ్చేసింది. పన్నెండేళ్లప్పుడు డెన్మార్క్ బడికి పంపారు. అక్కడ చదువు అంతంతమాత్రమే. తరువాత నాటకాల్లో, సంగీతంలో ప్రయత్నించినా కలిసిరాలేదు. అయితే పట్నం వెళ్లాడని చిన్ననాటి భాషను మాత్రం వదిలిపెట్టలేదు.

1910లో మిత్రుడు పీటర్ ఫ్రాయిషెన్‌తో కలిసి గ్రీన్‌లాండ్ వాయవ్య తీరాన థులే అనే వర్తక కేంద్రం పెట్టాడు. అక్కడి నుంచి సాగిన యాత్రల్లో పెద్దది 1921లో మొదలైన ఐదవది. తోటి శాస్త్రజ్ఞులు వేరే పనుల్లో ఉండగా, 1923లో ఆయన ఇద్దరు ఇన్యూట్ సహచరులతో కుక్కల బండ్ల మీద హడ్సన్ అఖాతం వైపు నుంచి పడమరకు బయలుదేరాడు. ఆ ఇద్దరూ మితెక్ అనే యువకుడు, అర్నారులుంగ్వాక్ అనే స్త్రీ. ఆమె భర్త కూడా ఈ యాత్రకే బయలుదేరి, ఆరంభంలోనే జబ్బుచేసి చనిపోయాడు. అయినా ఆమె వెనుదిరగలేదు. పేర్లు రాసేటప్పుడు ఆమెను చివర పెట్టడం మామూలే గానీ, ఆమె కుట్టిన బట్టలే లేకపోతే ఆ మంచులో ఎవరూ మిగిలేవారు కాదు. క్యారిబూ అనే దుప్పి జాతి జంతువు తోలుతో రెండు పొరల దుస్తులు కుడతారు. లోపలి పొర బొచ్చు ఒంటికి తగిలేలా, పైపొర బొచ్చు బయటికి ఉంటుంది. కుట్టులో చిన్న సందున్నా గాలి దూరుతుంది, వేళ్లు కొయ్యబారిపోతాయి.

ఇల్లు కూడా అంతే తెలివిగా కడతారు. గట్టిపడ్డ మంచును కత్తితో దిమ్మెలుగా కోసి, మెలి తిప్పుతూ పైకి పేరుస్తారు. వాకిలి పల్లంలో, పడుకునే అరుగు ఎత్తులో ఉంటుంది. చల్లగాలి కిందనే ఆగిపోతుంది, వెచ్చన మనుషుల దగ్గర నిలుస్తుంది. రాతి ప్రమిదలో సీల్ కొవ్వు పోసి, నాచు వత్తి వేసి వెలిగిస్తారు. అదే దీపం, అదే పొయ్యి. కూరగాయలు మొలవని చోట పచ్చి మాంసం, తిమింగలం తోలే విటమిన్ సి అందిస్తాయి.

ఇవన్నీ చూసి రాయడానికి కళ్లు చాలు. ఆ మనుషుల భయాలు తెలియాలంటే భాష కావాలి. ఇగ్లూలిక్ ప్రాంతంలో ఆవా అనే మంత్రవైద్యుణ్ణి రాస్ముసెన్ వాళ్ల కట్టుబాట్లకు కారణాలు అడిగాడు. ఆవా ఆయనను బయటికి తీసుకెళ్లి మంచు తుపాను చూపించాడు. వేటకు వెళ్లి ఉత్తచేతులతో వస్తున్నవాళ్లనూ, కొవ్వు లేక దీపం కొడిగట్టిన ఇంట్లో వణుకుతున్న పిల్లలనూ చూపించి, ఇవెందుకు జరుగుతున్నాయో చెప్పమని ఎదురడిగాడు. రాస్ముసెన్ దగ్గర జవాబు లేదు. దుబాసీని పెట్టుకుని వచ్చినవాడికి ఈ సంభాషణ దక్కేదా? నాకైతే నమ్మకం లేదు.

1924లో ఆ ముగ్గురూ అలాస్కా చేరారు. వాయవ్య మార్గాన్ని కుక్కల బండి మీద దాటిన మొదటివారు వాళ్లే. దారిలో యాస మారుతూ వచ్చినా, ఇలులిస్సాత్‌లో నేర్చిన మాట అంత దూరమూ పనికొచ్చింది. అక్కడి నుంచి సైబీరియా తీరానికీ వెళ్లాడు. అనుమతి పత్రం లేదని సోవియట్ అధికారులు వెనక్కి పంపేశారు.

1933లో తూర్పు గ్రీన్‌లాండ్ యాత్రలో తిన్న ఆహారం వికటించింది, ఆపైన న్యుమోనియా సోకింది. డిసెంబరు 21న డెన్మార్క్‌లో కన్నుమూశాడు. అప్పటికి యాభై నాలుగేళ్లు. ఆయన రాసుకొచ్చిన ఇన్యూట్ కథలు, పాటలు సంపుటాలుగా వెలువడ్డాయి. ఇలులిస్సాత్‌లో ఆయన పుట్టిన ఇల్లు ఇప్పుడు మ్యూజియం.