మూడు నైట్రోజన్ల మనిషి: థియోడోర్ కర్టియస్

ఇంటర్ ఎంపీసీలో ఐఐటీ మెటీరియల్ తిరగేసిన వాళ్లకి కర్టియస్ అంటే ఒక రియాక్షన్ పేరు. హాఫ్‌మన్, లాసెన్, ష్మిట్‌ల పక్కన బట్టీ పట్టి, ఎగ్జామ్ అయిపోగానే మర్చిపోయే పేరు. కానీ ఆ పేరు వెనక పాటలు రాసి, కచేరీల్లో పాడి, ఆల్ప్స్ కొండలెక్కిన ఒక మనిషి ఉన్నారు. ఆయన కనిపెట్టిన పదార్థం ఈ రోజుకీ ప్రాణాలు కాపాడుతోంది, ప్రాణాలు తీస్తోంది కూడా.

థియోడోర్ కర్టియస్ 1857 మే 27న జర్మనీలోని డూయిస్‌బర్గ్‌లో పుట్టారు. ఇంట్లో వాళ్లది కెమికల్ ఫ్యాక్టరీ బిజినెస్. ఆయనకి సంగీతం పిచ్చి. కెమిస్ట్రీతో పాటు దాన్నీ వదల్లేదు. హైడెల్‌బర్గ్‌లో బున్సెన్ దగ్గర చదువుకున్నారు. మన ల్యాబ్‌లో ఉండే బర్నర్ ఆ బున్సెన్ పేరు మీదదే. ఒక పేలుడులో ఆ గురువుగారి ఒక కంటి చూపు పోయింది. అంటే కెమిస్ట్రీ ఎంత రిస్కో కర్టియస్‌కి మొదటి నుంచీ కళ్ల ముందే ఉందన్నమాట.

తర్వాత లైప్‌జిగ్‌లో కోల్బే దగ్గర చేరి 1882లో డాక్టరేట్ తీసుకున్నారు. ఆయన కెరీర్ అంతా ఒక చిన్న అణువు చుట్టూ తిరిగింది. అది గ్లైసిన్, అమైనో యాసిడ్స్ అన్నిటిలోకీ సింపుల్‌ది. దాని నుంచి 1883లో డయజోఎసిటిక్ ఎస్టర్ తయారుచేశారు. దాని మీద పని చేస్తూ 1887లో ఎర్లాంగెన్‌లో హైడ్రజైన్‌కి చేరుకున్నారు. మన శ్రీహరికోట నుంచి లేచే పీఎస్‌ఎల్‌వీ రెండో దశ ఇంధనంలో పావు వంతు హైడ్రజైన్ హైడ్రేటే! ఆ కథ మొదలైంది ఈయన దగ్గరే.

హైడ్రజైన్‌లో రెండు నైట్రోజన్లు. 1890లో, కీల్ యూనివర్సిటీలో ప్రొఫెసర్‌గా ఉన్నప్పుడు, మూడు నైట్రోజన్లు వరసగా ఉన్న హైడ్రజోయిక్ యాసిడ్‌ని తీశారు. అజైడ్ లవణాలన్నిటికీ మూలం ఇదే. నిజానికి మొదటి ఆర్గానిక్ అజైడ్‌ని 1864లోనే పీటర్ గ్రీస్ చేశారు. ఇంగ్లండ్‌లో ఒక బీరు కంపెనీలో ఉద్యోగం చేస్తూ! కానీ ఆ యాసిడ్‌నీ, దాని లవణాలనీ లోకానికి చూపించింది కర్టియస్.

ఇక్కడే అసలు ప్రమాదం మొదలైంది. మూడు నైట్రోజన్లు ఒక చైన్‌లా కలిసి ఉండటం వాటికి అస్సలు ఇష్టం ఉండదు. గాలిలో ఉన్నట్టు జంటగా ఉంటేనే వాటికి హాయి. చిన్న వేడి తగిలినా, దెబ్బ తగిలినా ఆ చైన్ తెగి, బోలెడంత శక్తి ఒక్కసారే బయటికి వస్తుంది. నీళ్లు కలపని హైడ్రజోయిక్ యాసిడ్ 37 డిగ్రీలకే మరుగుతుంది. మన ఏప్రిల్ మధ్యాహ్నం చాలు. ఆ ఆవిరి విషం, పైగా పేలుతుంది. కర్టియస్‌తో కలిసి పనిచేసిన రాడెన్‌హౌసెన్ దగ్గర ఒక గ్రాము కూడా లేని ఆ యాసిడ్ దానంతట అదే పేలి, ఆయనకి తీవ్ర గాయాలయ్యాయి.

అయినా కర్టియస్ అజైడ్‌లని వదల్లేదు. ఎసైల్ అజైడ్‌ని వేడి చేస్తే నైట్రోజన్ వెళ్లిపోయి ఐసోసయనేట్ వస్తుందని చూపించారు. మనం బట్టీ పట్టింది అదే. అజైడ్‌లతో పెప్టైడ్లు అతికించే పద్ధతి కూడా ఆయనదే. 1897లో బాన్‌లో కెకూలే కుర్చీలోకి వెళ్లారు. మరుసటి ఏడాదే హైడెల్‌బర్గ్‌కి మారి, 1926లో రిటైర్ అయ్యేదాకా అక్కడే ఉన్నారు. ఆ మధ్యలోనే ఆయన ల్యాబ్‌లో పుట్టిన లెడ్ అజైడ్, మెర్క్యురీ ఫల్మినేట్ స్థానంలో డిటొనేటర్లలోకి చేరిపోయింది. గనులకీ అదే, బాంబులకీ అదే. 1928 ఫిబ్రవరి 8న హైడెల్‌బర్గ్‌లోనే కన్నుమూశారు.

ఆ తర్వాత జరిగినవి ఆయన చూడలేదు. కారు గుద్దుకోగానే సోడియం అజైడ్ విడిపోయి, రెప్ప వేసేలోపు నైట్రోజన్‌తో ఎయిర్‌బ్యాగ్ నింపడం. కొత్త కార్లలో వేరే కెమికల్స్ వచ్చాయి కానీ దశాబ్దాల పాటు పని చేసింది ఇదే. హెచ్ఐవీకి 1987లో ఆమోదం పొందిన మొదటి మందు ఏజెడ్‌టీలో కూడా అజైడ్ గ్రూప్ ఉంది. 2022 కెమిస్ట్రీ నోబెల్ వచ్చిన క్లిక్ కెమిస్ట్రీలో ముఖ్యమైన రియాక్షన్ అజైడ్‌దే.

ప్రాణాలు కాపాడేదీ, తీసేదీ ఒకే గుణం. నైట్రోజన్ జంటగా మారాలనే ఆ తొందర. బ్యాగ్‌లో అయితే మనిషి బతుకుతాడు, చేతిలో అయితే వేళ్లు పోతాయి.

మన క్యాంపస్ బయోటెక్ ఫ్రెండ్స్‌కి ఇది పాత కథ కాదు. బ్యాక్టీరియా పెరగకుండా కొన్ని ద్రావణాల్లో సోడియం అజైడ్ కలుపుతారు. అది సైనైడ్ లాగే కణాల శ్వాసని ఆపేస్తుంది. యాసిడ్ తగిలితే ఆ విష వాయువు వస్తుంది. సింక్‌లో పోస్తే రాగి, సీసం పైపుల్లో పేలే అజైడ్‌గా పేరుకుంటుంది. కొన్నాళ్లకి పైపు బాగు చేయడానికి వచ్చిన ప్లంబర్ అన్న స్పానర్ పెడితే ఏమవుతుందో ఆలోచించండి.

రియాక్షన్‌కి కర్టియస్ పేరుంది. రాడెన్‌హౌసెన్ పేరు ఏ మెటీరియల్‌లోనూ లేదు. సీసా మీద లేబుల్ చదివేటప్పుడు ఆ రెండో పేరు కూడా గుర్తుంచుకుంటే మంచిది.